మెడ అని ఉన్న గడి

పోయిన వారం నన్ను మూడో అంతస్తు మెట్ల మీద, చేతిలో టోపీతో నిలబెట్టి మీ దారిన మీరు పోయారు. వారం రోజులు అక్కడే ఉన్నాను. మోకాళ్ళు పట్టేశాయి. కింద బాయిలర్ గదిలో ఎలుకలు జాలిపడి, జట్టుగా పైకొచ్చి నన్ను పరామర్శించి పోయాయి. నమ్మకం లేకపోతే ఆ ఎలుకల్నే అడగండి.

మరిచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మాది అమెరికాలో, ఈరీ సరస్సు ఒడ్డున ఈరీ ఊళ్ళో ఉన్న స్టోకర్స్ జట్టు. హెల్మెట్లు పెట్టుకుని పొట్టేళ్ళలా గుద్దుకునే ఫుట్‌బాల్. నేను, వెండెల్, ఇంకో అయిదుగురం ఆ జట్టుకి స్కౌట్లం. ఊరూరా కాలేజీ మైదానాల పక్కన మంచులో నిలబడి, ఏ కుర్రాడు పనికొస్తాడో ఏ కుర్రాడు పనికిరాడో కాగితం మీద రాసి పంపడం మా పని. ఏప్రిల్‌లో డ్రాఫ్ట్. అప్పుడు జట్లన్నీ వంతులవారీగా ఆ కుర్రాళ్ళను పిలుచుకుంటాయి. ఏడు వంతులు. మొదటి వంతులో పిలిచినవాడు పెళ్ళికొడుకు. ఏడో వంతులో పిలిచినవాడు చివరి బంతికి మిగిలిన విరిగిన అప్పడం.

కిందటేడు మా జట్టు పదిహేడు ఆటల్లో మూడు గెలిచింది. తప్పెవరిదో తేల్చమని మారెన్ ఓస్‌బీ అనే లెక్కల అమ్మాయిని యజమాని కూతురు తెచ్చి మూడో అంతస్తులో కూర్చోబెట్టింది. మారెన్ పద్దెనిమిదేళ్ళ డ్రాఫ్టులు తవ్వి తీసింది. ఏ స్కౌట్ పేరున్న చీటీ మీద వచ్చిన కుర్రాడు ఎన్ని ఆటలు ఆడాడు, పిలిచిన వంతుకి తగ్గట్టు ఆడాడా లేదా అని చూసి, మా ఏడుగురికీ వరస కట్టింది. సోమవారం కింది ఇద్దరి ఉద్యోగాలకీ సెలవు. అట్టడుగున వెండెల్ పేరు ఉంది. అందరికంటే పైన నా పేరు ఉంది.

వెండెల్‌కి అరవై మూడు. పదహారేళ్ళుగా మందు ముట్టలేదు. భార్య ఎప్పుడో పోయింది, పిల్లలు లేరు. శనివారం పొద్దున్నే కారు తీసి ఏదో ఒక మైదానానికి పోవాల్సి ఉంటుంది గనక శుక్రవారం సాయంత్రం సీసా జోలికి పోడు. అంతే వాడి వైద్యం. ఆ శనివారాలు తీసేస్తే ఏమవుతుందో నాకు తెలుసు. అందుకే మెట్లెక్కాను. నా పేరు మీద ఉన్న చీటీల్లో ఒకటి నాది కాదు, వాడిది అని చెప్పడానికి.

ఇక తలుపు తడతాను.

మారెన్ పెప్పరోనీ మాంసం పెట్టిన బన్ను తింటూ ఉంది. బల్ల మీద రెండు ఆకుపచ్చ ఫైళ్ళు, వాటి మీద బన్ను చుట్టిన కాగితం. కిటికీ బయట సరస్సు ఉండాల్సిన చోట తెల్లటి గోడ లాంటి మంచు.

"రండి ఆర్లో గారూ. ఆ కుర్చీ కాలు కదులుతుంది, గోడకి ఆనుకుని కూర్చోండి."

"నా వయసు కుర్చీ ఏదైనా కదులుతుందమ్మాయ్."

ఆమె నవ్వలేదు. నవ్వనివాళ్ళని చూస్తే నాకు పట్టుదల పెరుగుతుంది. మా కెంటకీ కొండల్లో ఒకాయన నలభై ఏళ్ళు నవ్వలేదు. చివరికి నేను చెప్పిన కథకి నవ్వి, ఆ నవ్వు ఆపలేక పాతిక రోజులు నిద్రపోలేదు. ఊరి డాక్టరు వచ్చి నామీద ఫిర్యాదు రాసిపోయాడు. ఆ సంగతి ఈ అమ్మాయికి కూడా చెప్పబోయి, ఫైళ్ళు చూసి ఆగాను.

"ఒక చీటీ మార్చాలి. ఒడెల్ ప్రూయిట్‌ది," అన్నాను.

బన్ను కింద పెట్టింది. "ఒడెల్ ఏడో వంతులో వచ్చి పదకొండేళ్ళు ఆడాడు. పద్దెనిమిదేళ్ళలో అలాంటిది ఇంకొకటి లేదు. మీరు వరసలో పైన ఉన్నది సగం అతని వల్లే."

"అందుకే చెబుతున్నా. వాణ్ణి నేను చూసింది లేదు. డ్రాఫ్ట్ అయ్యాక మొదటిసారి చూశా, అదీ క్యాంటీన్లో."

మారెన్ సొరుగు లాగి పాత పేపరు ముక్క ఒకటి తీసింది. అందులో నా ఫోటో ఉంది. అప్పుడు నాకు జుట్టుండేది.

"వరద," అని చదివింది. "వాగుకి అవతల ఒడ్డున నల్లగా ఏదో కదులుతోంది. చూస్తే ఒక కుర్రాడు, భుజాల మీద చూడి ఆవు. మెడలోతు నీళ్ళలో నడుచుకుంటూ వచ్చి, ఆవుని దించి, మీకు దాహంగా ఉందా తాతా అని అడిగాడు."

"మొదటిసారి చెప్పినప్పుడు అది మేకపిల్ల. ఒడెల్ బాగా ఆడినకొద్దీ పెరిగింది."

"అంటే వరద లేదు."

"వాగు కూడా లేదు."

"మీరు చెప్పింది అప్పుడు నమ్మకూడదు, ఇప్పుడు నమ్మాలి. అంతేనా?"

ఇలాంటి ప్రశ్నకి నా దగ్గర సాధారణంగా మూడు జవాబులుంటాయి. ఆ పొద్దున మూడూ పక్కన పెట్టాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. డ్రాఫ్ట్‌లో ఎవరిని పిలవాలో తేల్చే మా పాత పెద్దాయన డఫీ ఉన్న రోజుల్లో ఒక ఆనవాయితీ ఉండేది. ఏడో వంతులో ఆఖరి పిలుపు ప్రతి ఏడూ ఒక స్కౌట్‌కి కానుక. ఏడాదంతా మంచులో నిలబడినందుకు, ఎవరినైనా పిలుచుకో, అడ్డు చెప్పను అనేవాడు. ఆ ఏడు నా వంతు. పిలవడానికి నా దగ్గర ఎవరూ లేరు. ఇనప బోర్డు మీద చీటీలు అయిపోవస్తున్నాయి. వెండెల్ నా పక్కకొచ్చి నిలబడి, షూ లేసు కట్టుకుంటున్నట్టు వంగి, "ఒడెల్ ప్రూయిట్ అని చెప్పు. ఎందుకని అడక్కు," అన్నాడు. చెప్పాను. చీటీ మీద నా పేరు రాసి, నా పేరున్న రేకు డబ్బాలో వేశారు. మారెన్ లెక్కలన్నీ ఆ రేకు డబ్బాల్లోంచి తీసినవే.

ఆమె అంతా విని, పైనున్న ఫైలు తెరిచి నావైపు తిప్పింది. లోపల వెండెల్ రాసిన రిపోర్టు. చీమలు బారు కట్టినట్టుండే వాడి అక్షరాలు. ఒడెల్ ప్రూయిట్, మూడుసార్లు చూశాను, పాదాలు నెమ్మది కానీ బంతి ఎటు పోతుందో అందరికంటే ముందు తెలుస్తుంది, ఎవరూ పట్టించుకోరు, మనం పట్టించుకోవాలి. కింద తేదీ, ఆ డ్రాఫ్ట్‌కి ముందటి సెప్టెంబరు మొదటివారం.

"మంగళవారమే దొరికింది. మీరు వస్తారో రారో చూద్దామనుకున్నా," అంది మారెన్.

ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. మంచి పని చేసినవాడికి, అది ఇంత సులువుగా అయిపోయినప్పుడు, కాస్త గర్వం కూడా వస్తుంది. కుర్చీ గోడకి ఆనించి వెనక్కి వాలాను.

"అయితే వెండెల్ పైకొచ్చినట్టే కదా."

"ఒడెల్‌ని అటు వేస్తే వెండెల్ గారు ఏడు నుంచి ఆరుకి వస్తారు."

"ఆరు."

"కింది ఇద్దరిలో ఒకరు. సెలవే."

"అదేం లెక్కమ్మాయ్. కాపురం చెడితే సంబంధం చెప్పినవాడి చొక్కా పట్టుకున్నట్టుంది. కుర్రాణ్ణి మేం చూస్తాం, పిలిచేది డఫీ, ఆడించేది కోచ్, మోకాలు విరిగితే అది దేవుడి లెక్క. వద్దు మొర్రో అని మేం రాసినవాళ్ళని పిలిచారు, వాళ్ళు పాడైతే మా డబ్బాలో వేశారు. దీనికి గడి ఉందా నీ పట్టికలో?"

"లేదు," అంది. "అందుకే పట్టిక ఒక్కటే చూసి ఎవరినీ పంపకూడదని చెప్పా. వినలేదు. సోమవారానికి ఇద్దరి పేర్లు కావాలన్నారు. పేర్లు ఇవ్వక తప్పనప్పుడు సరైన పేర్లు ఇవ్వాలని కింద గదిలో నాలుగు రోజులుగా పాత కాగితాలు తిరగేస్తున్నా. చూడండి, దుమ్ము నా ఊపిరితిత్తుల్లో ఉంది."

దగ్గింది. ఆ పిల్లని ఇన్ని వారాలూ మీ ముందు రాక్షసిలా నిలబెట్టాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

"వెండెల్ గారిని కిందికి లాగుతున్నది ఒక్క చీటీ. మొదటి వంతు. ఒడెల్ వచ్చిన డ్రాఫ్టే," అంటూ రెండో ఫైలు నావైపు జరిపింది. "అది ఆయనది కాకపోతే ఆయన నాలుగో స్థానం."

ఫైలు మీద పేరు ట్రెంట్ హాల్‌బ్రూక్.

ఇక్కడ మీతో ఒక మాట. పదకొండు వారాలుగా మీకు ఆవు కథ చెప్పాను, డఫీ టోపీని గద్ద ఎత్తుకుపోయిన కథ చెప్పాను, మంచులో కారు మునిగితే పైకప్పులోంచి బయటికొచ్చి మూడు మైళ్ళు ఈదిన కథ చెప్పాను. ఈ సంగతి మాత్రం చెప్పలేదు. మరిచిపోయానని ఇప్పుడంటే మీరు నమ్ముతారు, ముసలివాణ్ణి కదా. మరిచిపోలేదు. ఒక్కరోజు కూడా మరిచిపోలేదు.

ఒడెల్ రిపోర్టు రాసిన రెండు వారాలకి వెండెల్ పడిపోయాడు. తాగి పడిపోవడం అప్పటికి వాడికి మామూలే. ఆ సారి కారు కాలవలో ఉంది, వాడు కారు కింద ఉన్నాడు. పిట్స్‌బర్గ్ పక్కన తాగుడు మాన్పించే చోట పది వారాలు పెట్టాలన్నారు. డఫీకి తెలిస్తే ఆ రోజే ఉద్యోగం పోయేది. మా స్కౌట్లలో ఒక అలవాటు ఉంది. బయటివాళ్ళకు తెలియదు. ఒకడు మంచాన పడితే, ఒకడి ఇంట్లో చావు జరిగితే, మిగతావాళ్ళం వాడి ఊళ్ళు పంచుకుని తిరిగి, వాడి పేరు మీదే రిపోర్టులు రాసేస్తాం. చెయ్యి అరువివ్వడం అనేవాళ్ళం. డ్రాఫ్ట్ అయ్యాక సాయం చేసినవాడికి పెర్చ్ చేపల వేపుడు, అంతటితో సరి.

ఆ పది వారాలూ వెండెల్ ఊళ్ళన్నీ నేనే తిరిగాను. ఒహాయోలో అయిదు కాలేజీలు. అందులో ఒకదానిలో ట్రెంట్.

వెండెల్ కానుకగా ఒడెల్‌ని ఇచ్చింది అందుకు. చేపల వేపుడు చాలదనుకున్నాడు.

"తెరవండి," అంది మారెన్.

తెరిచాను. పైన వెండెల్ పేరు. కింద నా చేతిరాత. నేను పుట్టుకతో ఎడమచేతివాణ్ణి. మా బడిలో టీచరమ్మ ఆ చెయ్యి బెంచీకి కట్టేసి కుడిచేత్తో రాయించింది. అందుకని నా అక్షరాలు గాలికి వెనక్కి వాలిన కంచెలా ఉంటాయి. ఈరీ మొత్తంలో అలా రాసేవాణ్ణి నేనొక్కణ్ణే.

కాగితం మీద వరసగా గడులు. ఎత్తు, బరువు, పరుగు. చేతులు. మోకాళ్ళు. తర్వాతి గడి మీద అచ్చులో ఉంది: మెడ, వెన్ను.

"అది చదవండి."

"కళ్ళజోడు తేలేదు."

"జేబులోంచి బయటికి కనబడుతోంది."

కళ్ళజోడు పెట్టుకున్నాను. పైకి చదవలేదు. ఆమే కాగితం తీసుకుని చదివింది, మెల్లగా, వాతావరణ వార్త చదివినట్టు.

"మెడా? లారీ గుద్దితే కట్టు కట్టాల్సింది లారీకే."

డ్రాఫ్ట్ గదిలో డఫీ ఈ మాట చదివి బల్ల కొట్టి నవ్వాడు. అందరూ నవ్వారు. ఎవడ్రా రాసింది అంటే వెండెల్ తలొంచుకుని చెయ్యెత్తాడు. నవ్వు ఆగకముందే ట్రెంట్ చీటీ బోర్డు పైకి పోయింది.

"పర్సెల్ గుర్తున్నాడా?" మారెన్ అడిగింది.

నేను కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నాను.

"ట్రెంట్ కాలేజీలో కుర్రాళ్ళకి కట్లు కట్టేవాడు. ఇప్పుడు ఎనభై దాటింది, కూతురి దగ్గర ఉంటున్నాడు. నిన్న ఫోన్ చేశా. ఈరీ నుంచి వచ్చినాయన పేరు గుర్తులేదన్నాడు. గట్టిగా గుద్దుకున్నప్పుడల్లా కుర్రాడికి ఎడమచేతి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి, కాసేపు పట్టు ఉండదు, ఎవరికీ చెప్పద్దని కుర్రాడు బతిమాలాడు, కానీ మీరు రాసుకోండి అని ఆయనకి చెప్పానన్నాడు. ఆయన తలూపి, ఒక కథ చెప్పి పోయాడట. గూడ్సు బండి ఆలస్యమైతే ముందే పసిగట్టి పట్టాల మీద పడుకునే కంచరగాడిద కథ."

"మా మామయ్య గాడిద," అన్నాను.

"వెండెల్ గారు కథ చెప్పగా ఈ ఆఫీసులో ఎవరూ వినలేదు."

కిటికీ కింద మంచు తోసే బండి గరగరా పోయింది.

"ఎందుకు రాయలేదు ఆర్లో గారూ?"

"రాస్తే మన డాక్టర్లు మళ్ళీ మళ్ళీ ఎక్స్‌రేలు తీసేవాళ్ళు. ఏదో ఒకటి దొరికేది. కుర్రాణ్ణి పక్కన పెట్టేవాళ్ళు."

"అవును."

"వెండెల్ ఆ ఏడు ఒక్కణ్ణీ పట్టుకురాలేదనేవాళ్ళు. వాడు పది వారాల తర్వాత బయటికొచ్చేసరికి, వాడి పేరు మీద ఓ మొదటి వంతు కుర్రాడు ఉండాలనుకున్నా. నిలబడటానికి ఏదో ఒకటి చేతికి తగలాలి కదా." ఇంకా ఉంది. అది కూడా చెప్పేశాను. "పైగా ఆ మాట బాగా కుదిరింది. లారీ మాట. కారులో అనుకున్నా. అది రాశాక ఆ గడిలో ఇంకో మాటకి చోటు లేదు."

మారెన్ తలదించి బల్ల వైపు చూసింది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

ట్రెంట్ మూడో ఏడు, నవంబరులో, మా సొంత మైదానంలో, రోజూ వందసార్లు జరిగే మామూలు గుద్దుడుకి పడిపోయాడు. నేను ఆ రోజు గ్యాలరీలో మారెన్ తినేలాంటి బన్నే తింటున్నాను. చుట్టూ డెబ్బై వేలమంది. అంతమంది ఒకేసారి మాట మానేస్తే, మైదానం చివర జెండా తాడు కర్రకి తగిలే చప్పుడు వినబడుతుంది. ఇందులో మేకపిల్లని ఆవు చెయ్యలేదు. అది వినబడింది. ట్రెంట్ ఇప్పుడు గడ్డంతో మీట నొక్కి చక్రాల కుర్చీ నడుపుతాడు. వాడికి ముప్పై ఎనిమిదేళ్ళు.

పదమూడేళ్ళుగా ఈ ఊళ్ళో ఆ పేరు ఎత్తినప్పుడల్లా జనం వెండెల్ వైపు చూస్తారు. చేపల హోటల్లో వాడు కూర్చుంటే పక్క బల్లవాళ్ళు గొంతు తగ్గిస్తారు. వాడు ఒక్కసారి కూడా నావైపు వేలు చూపలేదు. నేను వాడి ఎదురుగా కూర్చుని, ఆవు కథ చెప్పి, ఆ బల్లవాళ్ళని నవ్వించేవాణ్ణి.

"రెండు చీటీలూ మారిస్తే," అంది మారెన్, "వెండెల్ గారు నాలుగు. మీరు ఏడు."

"తెలుసు."

"చీటీలు నేనొక్కదాన్నే మార్చలేను. మీ సంతకంతో కాగితం కావాలి. ఇంకో సంగతి. వెండెల్ గారు పొద్దున ఎనిమిదింటికి వచ్చారు."

సొరుగులోంచి ఒక తెల్లకాగితం తీసి ఫైలు పక్కన పెట్టింది. చీమల బారు. ట్రెంట్ హాల్‌బ్రూక్ రిపోర్టు నేనే రాశాను, పర్సెల్ చెప్పిన మాట నేనే దాచాను, ఇందులో ఇంకెవరికీ సంబంధం లేదు. వెండెల్ ట్రూయాక్స్.

"పర్సెల్ సంగతి వాడికెలా తెలిసింది?"

"నిన్న సాయంత్రం నేనే చెప్పా. అప్పటిదాకా ఆయనకి తెలీదు. పదహారేళ్ళూ ఆయన మీ జోకు ఒక్కటే మోస్తున్నాననుకున్నారు. తిమ్మిరి సంగతి వినగానే లేచి వెళ్ళిపోయారు. పొద్దున ఇది పట్టుకొచ్చారు."

ఆ చీమల బారు మీద వేలు పెట్టి సంతకం దాకా పోయాను.

"నువ్వు తీసుకున్నావా?"

"కాగితం తీసుకున్నా. ఒప్పుకోలేదు. రెండు చేతిరాతలు చూడగలను కదా. ఇంకో కాగితం వస్తుందేమో చూద్దాం అన్నా. రాదు అన్నారు." తలెత్తింది. "మీరేమో ఒడెల్ గురించి వచ్చారు."

సగం పట్టుకుని వచ్చాను. నాకు పేరొచ్చే సగం.

ఆమె ఒక ఖాళీ కాగితం, పెన్ను నా ముందు పెట్టింది. కుడిచెయ్యి పెన్ను దాకా పోయింది. బడిలో కట్టేసిన ఎడమచెయ్యి కుర్చీ పట్టుకుని ఉంది.

"వెండెల్ ఎక్కడ?" అన్నాను.

"మిల్లర్స్‌ఫోర్డ్ పోతానన్నారు. ట్రెంట్ వాళ్ళింటికి. కాగితం మీద చెబితే చాలదు, ఎదురుగా నిలబడి చెప్పాలి అన్నారు. ఆపబోయా, వినలేదు."

పెన్ను వదిలేశాను. మిల్లర్స్‌ఫోర్డ్‌లో ట్రెంట్ తల్లి డోరీన్ ఉంది. వెండెల్ ఊళ్ళు తిరిగిన ఆ అక్టోబరులో ఆమె నాకు పంది మాంసం, ఉడికించిన క్యాబేజీ పెట్టింది. నేను మూడోసారి వడ్డించుకుంటుంటే నవ్వింది. గుమ్మం దాకా వచ్చి, వాణ్ణి మీ చేతుల్లో పెడుతున్నా, చూసుకోండి అంది. వెండెల్ ఆ ఇంటి గడప ఎన్నడూ తొక్కలేదు. వాడు పోయి, నేనే అని నిలబడితే, ఆ తల్లి వాడి మొహం చూసి ఏమంటుంది? నువ్వు కాదు, ఇంకొకాయన వచ్చాడు అంటుంది.

"ఎప్పుడు బయల్దేరాడు?"

మారెన్ లేచి కిటికీ దగ్గరికి పోయి, చేత్తో అద్దం తుడిచింది. "తొమ్మిదిన్నరకి కిందికి దిగారు," అని ఆగింది. "ఆర్లో గారూ. కారు ఇక్కడే ఉంది."

పోయి చూశాను. కింద పార్కింగ్‌లో వెండెల్ నీలం కారు. పైకప్పు మీద జానెడు మంచు. వెనక గొట్టంలోంచి పొగ. గంట నుంచి ఇంజను ఆడుతూనే ఉంది.

"ఈ కాగితం?" అంది మారెన్.

"వచ్చి రాస్తా."

"సోమవారం తొమ్మిదింటిదాకే నా చేతిలో ఉంటుంది." తర్వాత ట్రెంట్ రిపోర్టు ఫైల్లోంచి తీసి, నాలుగు మడతలు పెట్టి, నా కోటు జేబులో తనే పెట్టింది. "నకలు నా దగ్గరుంది. ఇది మీ దగ్గర ఉండనివ్వండి."

మెట్లు దిగాను. బయట గాలి మొహాన ఉప్పు చల్లినట్టుంది. కారు అద్దాలన్నీ లోపలి ఊపిరికి మసకేసి ఉన్నాయి. డ్రైవరు వైపు అద్దం మీద వేలితో తట్టాను. కదలిక లేదు. మళ్ళీ తట్టాను. అద్దం రెండంగుళాలు దిగింది.

వెండెల్ ముందుకే చూస్తున్నాడు. గడ్డం నున్నగా గీసుకున్నాడు. టై కట్టుకున్నాడు, అంత్యక్రియలకి తప్ప కట్టని టై. పక్క సీటు మీద గోధుమరంగు కాగితం సంచి, మూతి మెలిపెట్టి ఉంది. సీసా ఆకారం సంచి బయటికే తెలుస్తోంది. లోపల మూత సీలు ఉందో ఊడిందో తెలియడం లేదు.

"వెండెల్," అన్నాను. "నాకు తెలుసురా పర్సెల్ సంగతి. అప్పుడే తెలుసు."

"నిన్ననే అర్థమైంది." గొంతులో తేడా ఉందో లేదో గాలి హోరులో పట్టుకోలేకపోయాను. "అయిదుసార్లు గేటు దాకా పోయొచ్చా. అయిదుసార్లు వెనక్కి తిప్పా."

"నువ్వు పోవద్దు. నేనొక్కణ్ణే పోతా."

వాడు అప్పుడు నావైపు తిరిగాడు. ముప్పై ఏళ్ళలో వెయ్యిసార్లు చూసిన మొహం. అందులో కోపం కోసం వెతికాను. అది ఉన్నా బాగుండేది.

పక్క తలుపు తాళం టక్కుమని ఊడింది. వాడు కాగితం సంచి తీసి, నేను కూర్చోవడానికి చోటు చేసి, అది పెట్టడానికి ఇంకెక్కడా చోటు లేనట్టు చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"ఎక్కు ముసలోడా. ఇది నీ ఒళ్ళో పెట్టుకో. దారి కూడా నువ్వే చెప్పాలి," అన్నాడు. "ఆ ఇంటికి పోయినవాడివి నువ్వేగా."